తడవనంతవరకే పూచీ

ఒక పెద్ద అడవిలో చీమలు తప్ప సెల్లు లేని ప్రాణి అంటూ ఉండేది కాదు. ఏనుగు దంతానికి తగిలించుకునేది. జింక కొమ్ముకు వేలాడదీసుకునేది. పాముకు తగిలించుకునే చోటు లేక, సెల్లు చుట్టూ తానే చుట్టుకుని పడుకునేది. ఎవరికి ఎవరితో అంత పనో నన్నడక్కండి. ఈ కొమ్మ మీది కోతి ఆ కొమ్మ మీది కోతికి ఫోను చేసి "ఏం చేస్తున్నావు?" అనేది. "నీతో మాట్లాడుతున్నా" అనేది అది. కాసేపటికి ఇద్దరూ ఛార్జింగు అయిపోయిందని గొడవ పెట్టేవాళ్ళు.

ఆ అడవికి రాజు మృగేంద్ర వర్మ అనే సింహం. సెల్లులమ్మే వ్యాపారం మొత్తం వాక్పతి అనే నక్కది. గుహ మీద "వాక్పతి అండ్ బ్రదర్స్" అని బోర్డుండేది. ఆ బ్రదర్స్‌ను ఎవరూ చూడలేదు. ఎక్కడైనా తప్పు జరిగితే మాత్రం అది బ్రదర్స్ చేసిన పని అని వాక్పతి చెప్పేవాడు.

ఒక ఎండాకాలం వాక్పతి కొత్త సెల్లు దింపాడు. పేరు జలజిత్. రాతిగిన్నెలో ఊటనీళ్ళు పోయించి, అడవినంతా చుట్టూ కూర్చోబెట్టి, సెల్లును అందులో వేశాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. సెల్లుకు ఊపిరి అక్కర్లేదని ఎవరికీ తోచలేదు. తీసి ఒక్కసారి విదిలించగానే అది ట్రింగుమంది. చప్పట్లు కొండదాకా వినిపించాయి.

మర్నాటికల్లా అడవిలో ప్రతి బండ మీదా బొమ్మలు వెలిశాయి. బొమ్మలో ఒక నీటికుక్క మెడలో జలజిత్ వేసుకుని, ఏటి అడుగున చేపల మధ్య ఈదుతూ నవ్వుతుంటుంది. "నీళ్ళంటే ఇంకా భయమెందుకు?" అని దాని కింద ఏనుగంత అక్షరాలు.

సెల్లు వచ్చే అట్టపెట్టె అడుగున కూడా కొన్ని అక్షరాలున్నాయి. అవి చీమలు మాత్రమే చదవగలిగేంత చిన్నవి. చీమలు చదివాయి కూడా. కానీ సెల్లు కొనని వాళ్ళను సెల్లు గురించి ఎవరడుగుతారు?

ఇప్పుడు లంక సంగతి చెప్పాలి. అడవి మధ్య నుంచి ఒక ఏరు పారుతుంది. ఏటి నడుమ ఒక లంక. లంక నిండా కుందేళ్ళ బొరియలు. ఎగువన కొండ ఇరుకులో ఒక నల్లరాయి ఉంది. ఏటినీళ్ళు ఆ రాయిని ముట్టాయంటే కాసేపట్లో లంక మునుగుతుందని లెక్క. ఇన్నేళ్ళూ ఆ కబురు మోసింది ఒక తీతువు పిట్ట. నీళ్ళు రాయిని ముట్టగానే ఏటి పొడుగునా అరుచుకుంటూ ఎగిరేది. ఆ అరుపు విని కుందేళ్ళు పిల్లల్ని నోట కరుచుకుని, రాళ్ళ మీదుగా గెంతుతూ ఒడ్డు చేరేవి. ఈ పనికి తీతువుకు జీతం లేదు, బిరుదు లేదు. దాని అరుపుకు రాజుగారికి మధ్యాహ్నం నిద్ర చెడుతుందన్న ఫిర్యాదు మాత్రం ఉంది.

ఆ ఫిర్యాదు వాక్పతి చెవిన పడింది.

"ప్రభూ, ఈ రోజుల్లో కూడా అరుపులేమిటండీ?" అన్నాడు కొలువులో. "లంకలో బొరియకొక జలజిత్. కొండ ఇరుకులో కాపలా ఉండేవాళ్ళకొకటి. నీళ్ళు రాయిని ముట్టగానే ఒక్క నొక్కు నొక్కితే చాలు. లంకంతా ట్రింగ్!"

"అరుపుండదు కదా?" అన్నాడు రాజు.

"చీమ చిటుక్కుమనదు ప్రభూ."

అంతే. తీతువు పనిలోంచి పోయింది. అది ఎవరి మీదా అలగలేదు, ఎవరినీ తిట్టలేదు. ఇంకో అడవి చూసుకుని వెళ్ళిపోయింది. కొండ ఇరుకు కాపలా కెరటమ్మకు అప్పజెప్పారు.

కెరటమ్మ నీటికుక్క. పుట్టింది ఏట్లో, పెరిగింది ఏట్లో. నోరు కాస్త దురుసే గానీ ఒప్పుకున్న పని వదిలిపెట్టే రకం కాదు. గొంతు మాత్రం చిన్నది. ఎంత అరిచినా పక్క రాయి దాకానే వినిపిస్తుంది. అందుకే సెల్లు చేతికొచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించింది ఆవిడే. బండ మీద బొమ్మలో ఉన్నది తన జాతే కదా మరి.

లంకలో జలజిత్‌లు పంచిన రోజున వాక్పతి స్వయంగా వచ్చాడు. కుందేళ్ళను వరసగా కూర్చోబెట్టి ఉపన్యాసమిచ్చాడు.

"సెల్లు మోగిందా, వరద వచ్చినట్టు. మోగలేదా, రానట్టు. పుకార్లు నమ్మకండి. ఎవరో వచ్చి ఏదో చెబితే కంగారుపడి పరిగెత్తకండి. ఇంకో మాట. బాక్సు పారేయకండి. బాక్సు చూపించనిదే వారంటీ లేదు."

లంకకు పెద్ద శశాంకయ్య అనే ముసలి కుందేలు. ఏ పనైనా చెప్పినట్టు చేసేవాడు. ఆయన ఆ బాక్సును ఆకుల్లో చుట్టి, పైన మైనం పూసి, బొరియలో అన్నిటికంటే లోపలి గదిలో దాచాడు. పిల్లలు అటువైపు వెళ్తే చెవులు మెలేసేవాడు.

"ఇదిగో అమ్మాయ్ కెరటమ్మా," అన్నాడు. "నువ్వు నొక్కడం, మేం పరిగెత్తడం. అంతే కదా?"

"అంతే బాబాయ్. నీళ్ళను నేను చూసుకుంటాను. మీరు నిశ్చింతగా ఉండండి."

కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఎండలు ఇంకా తగ్గకముందే ఒకరోజు కెరటమ్మ నల్లరాయి కింద మునిగి పైకి వచ్చేసరికి సెల్లు అద్దం వెనక చిన్న బుడగ కనిపించింది. నొక్కి చూసింది. ట్రింగు లేదు. గుటుకు గుటుకుమని ఏదో చప్పుడు మాత్రం వచ్చింది. అది కూడా మధ్యాహ్నానికి ఆగిపోయింది.

కెరటమ్మ తిన్నగా సర్వీస్ సెంటరుకు వెళ్ళింది. సర్వీస్ సెంటరు జలపాతం పక్కనే ఉండేది. అక్కడ ఆకులనుంచి ఎప్పుడూ తుంపర కారుతూనే ఉంటుంది. తడిసిన సెల్లులు చూసే చోటు అక్కడే ఎందుకు పెట్టారంటే, చల్లగా ఉంటుందని వాక్పతి చెప్పేవాడు. కౌంటరు మీద రంగధామం అనే ఊసరవెల్లి కూర్చుని ఉన్నాడు. ఒక కన్ను కెరటమ్మ మీద, ఒక కన్ను తలుపు మీద.

"ఏమైందమ్మా?"

"మోగడం లేదు."

"నీళ్ళలో పడిందా?"

"పడలేదు. నేనే నీళ్ళలో ఉన్నాను. అది నా మెడలో ఉంది."

"నీళ్ళలోకి ఎందుకు తీసుకెళ్ళావు?"

"తీసుకెళ్ళొచ్చన్నారు కదా!"

"వెళ్ళొచ్చన్నాం. వెళ్ళమన్నామా?"

రంగధామం సెల్లు వెనక మూత తీసి లోపల ఒక చిన్న చుక్కను చూపించాడు.

"ఈ చుక్క తెల్లగా ఉంటే వారంటీ ఉన్నట్టు. ఎర్రగా ఉంటే తడి తగిలినట్టు. చూడు, ఎర్రగా ఉంది." చెబుతూ చెబుతూ తాను కూడా ఎర్రబడ్డాడు.

"ఇంత తుంపరలో కూర్చుని తెరిస్తే ఏ చుక్కయినా ఎర్రబడుతుంది. అదిగో, నీ వెనక కొత్త సెల్లుంది. అది తెరిచి చూడు, తెల్లగా ఉంటుందేమో."

"కొత్తది తెరిస్తే పాతదైపోతుందమ్మా."

"సరే, తడి తగిలిందే అనుకో. జలజిత్ తడవదని కదా అమ్మారు?"

"తడవదని ఎవరన్నారు? తడిని ఓర్చుకుంటుందన్నాం. ఓర్పుకు మాత్రం హద్దుండదా?"

"రాతిగిన్నెలో ఓర్చుకుందిగా!"

"అవి ఊటనీళ్ళు. కదలవు. నీవి ఏటినీళ్ళు. కదులుతాయి. పైగా అందులో చేపలున్నాయి."

"అయితే చేపలు కొరికాయంటావా?"

"నేనేమీ అననమ్మా. నాకెందుకు? కంపెనీ అంటుంది."

కెరటమ్మ ఎదురుగా ఉన్న బండ వైపు వేలు చూపించింది. "మరి ఆ బొమ్మ? ఏటి అడుగున ఈదుతున్నది నీటికుక్క కాదా?"

"నీటికుక్కే. కాకపోతే బొమ్మ నీటికుక్క. అది ఈదేది కూడా బొమ్మ నీళ్ళలోనే. దాని సెల్లుకు ఇంతవరకు ఏ ఫిర్యాదూ రాలేదు."

"పోనీ, బాగుచేసైనా ఇవ్వు."

రంగధామం రెండు కళ్ళూ ఆవిడ మీదికి తిప్పాడు. అదే ఆయన జాలిపడే పద్ధతి.

"అలా కుదరదు తల్లీ. తడిసిన సెల్లు బాగుచేశామనుకో, జలజిత్ తడుస్తుందని మేమే ఒప్పుకున్నట్టవుతుంది. జలజిత్ తడవదు."

"తడిసిందనే కదయ్యా వారంటీ లేదంటున్నావు!"

"జలజిత్ తడవలేదమ్మా. నువ్వు తడిపావు."

ఇంతకంటే చక్కగా మోసాన్ని విప్పిచెప్పడం నావల్ల కాదు. వాడు పాపం నిజమే చెప్పాడు. నిజాన్ని తలకిందులుగా వేలాడదీసి చెప్పాడు, అంతే తేడా.

అదే వారంలో రాజుగారు మడుగులో నీళ్ళు తాగుతుంటే ఆయన సెల్లు జారి అందులో పడింది. వాక్పతి పరుగున వచ్చి, పాతది తీసుకుని కొత్తది మెడలో వేశాడు. చుక్క చూడలేదు. బాక్సు అడగలేదు. సంగతి తెలిసి కెరటమ్మ నేరుగా వాక్పతి గుహకే వెళ్ళింది.

"ఏమయ్యా వాక్పతీ, రాజుగారి సెల్లు నీళ్ళలో పడితే కొత్తది. నాది నీళ్ళలో పడితే నీతులా?"

వాక్పతికి కోపం రాదు. అమ్మేవాళ్ళకు కోపం ఉండకూడదని ఆయన నియమం. పీట వేసి కూర్చోమన్నాడు.

"చెల్లెమ్మా, రాజుగారు సెల్లును నీళ్ళలో వేయలేదు. నీళ్ళే రాజుగారి సెల్లు దగ్గరికి వచ్చాయి. రెండూ ఒకటెలా అవుతాయి చెప్పు?"

"నాకు కొత్తది వద్దు. ఎవరో వాడి పారేసినదైనా చాలు. మోగితే చాలు. వానలు పడేలోపు ఇవ్వు. కొండ ఇరుకు నుంచి నేను నొక్కకపోతే లంకలో పిల్లలు నీళ్ళపాలవుతారు. అది నీకు తెలుసు."

"తెలుసమ్మా. ఎంత బాధగా ఉందో నీకు చెప్పలేను. నేనే అయితే ఈ క్షణం ఇచ్చేవాణ్ణి. బ్రదర్స్ ఒప్పుకోరు."

కెరటమ్మ కొలువుకు వెళ్ళి తీతువునైనా మళ్ళీ పిలిపించమంది. ఆ ఉద్యోగం ఇప్పుడు లేదన్నారు. లేని ఉద్యోగానికి ఎవర్నీ పిలవలేమన్నారు. ఇక మిగిలింది న్యాయస్థానం. న్యాయమూర్తి భల్లూకాచార్యులు అనే ఎలుగుబంటి. ఆయన దగ్గరా జలజిత్ ఉండేది. తేనె తిన్న చేతులతో పట్టుకుని పట్టుకుని అది ఏనాడో మూగబోయింది. తనకెవరూ ఫోను చేయకపోవడం తన నిష్పాక్షికత మీద గౌరవం వల్లనే అని ఆయన అనుకునేవాడు.

విచారణ రోజున అడవంతా వచ్చింది. శశాంకయ్య కూడా లంక నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

"నీళ్ళు తగలకముందు సెల్లు పనిచేసిందా?" అడిగాడు భల్లూకాచార్యులు.

"చేసిందండి," అంది కెరటమ్మ.

"తగిలాక?"

"చేయలేదండి."

"అయితే తప్పు నీళ్ళది. నీళ్ళను పిలవండి."

వడ్రంగిపిట్ట చెట్టు మీద టకటకమని కొట్టి, ఏటి వైపు తిరిగి "ఏరు హాజరు! ఏరు హాజరు!" అని కేక పెట్టింది. ఏరు రాలేదు. న్యాయమూర్తి కాసేపు చూసి, ప్రతివాది రాలేదు కాబట్టి వాయిదా వేశాడు. తర్వాతి వాయిదాకూ ఏరు రాలేదు. ఈలోగా పడమట మబ్బులు కమ్మాయి.

మూడోసారి పిలవబోతుంటే కెరటమ్మ ఇక ఆగలేకపోయింది.

"అయ్యా, ఏరు మీరు పిలిస్తే రాదు. అది రావాలనుకున్నప్పుడు తనంతట తానే వస్తుంది. అప్పుడు వద్దన్నా ఆగదు. దాన్ని పిలవడం ఆపి నాకొక సెల్లు ఇప్పించండి. మీకు దణ్ణం పెడతాను. లంకలో కళ్ళు తెరవని పసికూనలున్నాయి."

భల్లూకాచార్యుల మనసు కాస్త మెత్తబడింది. వాక్పతి అది కనిపెట్టి చప్పున లేచాడు.

"మహాప్రభో! నేను సెల్లు అమ్మినప్పుడు అది పొడిగా ఉంది. నేను మాట ఇచ్చింది పొడి సెల్లుకు. ఈవిడ తెచ్చింది తడి సెల్లు. నేనెరగని వస్తువుకు నేనెలా పూచీ పడతాను? నీళ్ళు తగిలాక అది వేరే వస్తువు. వేరే వస్తువుకు వేరే మాట కావాలి. ఆ మాట నేనివ్వలేదు."

భల్లూకాచార్యులు తల గోక్కున్నాడు. అర్థం కాని మాట లోతైనదై ఉంటుందని ఆయన నమ్మకం.

"సరే. నీళ్ళు తగిలిన సెల్లుకు అంతకుముందు ఇచ్చిన మాట చెల్లదు. ఇదే తీర్పు."

అక్కడితో వాక్పతి దణ్ణం పెట్టి కూర్చుని ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. ఆయన కూర్చోలేదు. వానాకాలం ముందుంది, ఎన్ని సెల్లులు తడుస్తాయో, ఎన్నిసార్లు ఈ మెట్లెక్కాలో అని లెక్క వేసుకున్నాడు. రేపు ఛార్జరు తడుస్తుంది. ఎల్లుండి ఇంకేదో తడుస్తుంది.

"ఒక్క సెల్లే ఎందుకు ప్రభో? తమ తీర్పు తమ అంతటిదిగా ఉండాలి. అడవి మొత్తానికీ, అన్నిటికీ వర్తించేలా సెలవివ్వండి."

పెద్ద తీర్పు అనగానే ఎలుగుబంటి ఛాతీ పొంగింది. "నీళ్ళు తగిలాక అంతకుముందు ఇచ్చిన ఏ మాటా చెల్లదు. ఎవరు ఇచ్చినా, ఎవరికి ఇచ్చినా, దేని గురించి ఇచ్చినా సరే!"

విచారణకు వచ్చిన రాజుగారు సగం నిద్రలో తల ఊపారు. వడ్రంగిపిట్ట అడవంతా తిరిగి చాటింపు వేసింది. వాక్పతి దాన్ని బండల మీద కూడా రాయించాడు, ఈసారి అందరికీ కనిపించేంత అక్షరాలతో.

కెరటమ్మ కొండ ఇరుక్కి వెళ్ళిపోయింది. ఆవిడకు ఉద్యోగం పోలేదు. సెల్లు లేకుండా సెల్లు కాపలా ఉద్యోగం అలాగే ఉంది.

తర్వాత కొద్దిరోజులకే వాన మొదలైంది. పొద్దుటి నుంచి ఎడతెరిపి లేకుండా కురిసింది. మధ్యాహ్నానికి నీళ్ళు నల్లరాయిని ముట్టాయి. కెరటమ్మ అలవాటు కొద్దీ మెడలోని చచ్చిన సెల్లును ఒకసారి నొక్కింది. తర్వాత దాన్ని తెంపి పారేసి ఏట్లోకి దూకింది.

ఆవిడ ఎంత ఈదినా వరద కంటే ఎంతో ముందు రాలేదు. వరదతో పాటు వచ్చి, వరద వస్తోందని చెప్పాల్సిన దౌర్భాగ్యం అది. లంక చేరేసరికి రాళ్ళ దారి అప్పటికే సగం మునిగింది.

"పరిగెత్తండి! నీళ్ళొచ్చేస్తున్నాయి! పిల్లల్ని తీసుకోండి!"

బొరియల్లోంచి చెవులు బయటికి వచ్చాయి. చెవుల తర్వాత సెల్లులు వచ్చాయి. కుందేళ్ళన్నీ తమ సెల్లుల వైపు చూసుకున్నాయి.

"మోగలేదే అమ్మాయ్," అన్నాడు శశాంకయ్య.

"నా సెల్లు చచ్చింది బాబాయ్! కోర్టులో నువ్వూ ఉన్నావుగా!"

"చచ్చింది నీ సెల్లు. నాది నిక్షేపంగా ఉంది. ఛార్జింగు నిండుగా ఉంది, చూడు. వరదే వస్తే మోగదూ?"

"నొక్కేది నేనే కదా బాబాయ్! నేను నొక్కకపోతే ఎలా మోగుతుంది?"

"పుకార్లు నమ్మొద్దన్నారు," అన్నాయి పడుచు కుందేళ్ళు వెనక నుంచి.

కెరటమ్మకు ఏడుపు వచ్చింది. ఒంటినిండా ఏటినీళ్ళు కారుతూ ఎదురుగా నిలబడిన తనను నమ్మకుండా, మోగని డబ్బాను నమ్ముతున్నాయి అవి. అలాంటి వాళ్ళను ఏమనాలో ఆవిడకూ తెలియలేదు, నాకూ తెలియదు. అంతలో ఒక తల్లి కుందేలు బొరియలోకి నీళ్ళు బుడబుడా దిగాయి. అది కూనను నోట కరుచుకుని బయటికి దూకింది. దాన్ని చూశాక మిగతావాటికి కాళ్ళు వచ్చాయి.

రాళ్ళ దారి అప్పటికి పూర్తిగా మునిగింది. కొట్టుకొస్తున్న ఒక దుంగను కెరటమ్మ ఒడ్డుకు ఆనించింది. కూనలను, తల్లులను దాని మీదికి ఎక్కించి, తలతో నెట్టుకుంటూ అవతలి ఒడ్డుకు చేర్చింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ చేర్చింది. శశాంకయ్య పెద్దరికం కొద్దీ అందర్నీ ముందు పంపించి చివరికి ఒక్కడే మిగిలాడు.

ఆయన కోసం తిరిగి వచ్చేసరికి గట్టు మీద ఎవరూ లేరు.

"బాబాయ్!"

"వస్తున్నానమ్మా," అని బొరియ లోతులోంచి గొంతు వినిపించింది. "సెల్లు తడిసింది. తీర్పు సంగతి ఎలా ఉన్నా బాక్సు లేకపోతే వారంటీ రాదుగా. ఇదిగో, చేతికందింది..."

"బాక్సు గంగలో కలవనీ! నువ్వు రా బాబాయ్!"

అంతలో పెద్ద అల ఒకటి వచ్చి బొరియను కప్పేసింది. కెరటమ్మ నీళ్ళలో మునిగి లోపలికి పోబోయింది. దారి మట్టితో పూడిపోయింది. గోళ్ళతో తవ్వింది. తవ్వేకొద్దీ మట్టి జారింది. చివరికి లోపలి నుంచి బాక్సు ఒకటే తేలుకుంటూ బయటికి వచ్చింది. శశాంకయ్య రాలేదు.

మైనం పూసిన ఆ పెట్టెలోకి ఒక్క చుక్క నీరు చేరలేదు. జలజిత్ పేరుతో అమ్మిన సరుకులో నిజంగా నీటికి నిలిచింది ఆ అట్టపెట్టె ఒక్కటే. ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ఒక మంచి ముసలాయన, చెప్పినట్టు వినడం తప్ప ఏ పాపమూ ఎరగనివాడు, అట్టముక్క కోసం పోయాడు.

వరద లంకతో ఆగలేదు. సర్వీస్ సెంటరును ఊడ్చుకుపోయింది. వాక్పతి గుహలోకి దూరి, కొత్త సెల్లులన్నిటినీ ఏటి పాలు చేసింది. అడవిలోని ప్రాణులన్నీ కొండ మీదికి ఎక్కాయి. వాన ఆగలేదు. ఒక్కరి ఒంటి మీద కూడా పొడి వెంట్రుక లేదు.

అప్పుడు మొదలైంది అసలు తమాషా. పిల్లనిస్తానన్న నెమలి మగపెళ్ళివారితో "తడిశాం కదండీ, ఆ మాట చెల్లదు" అంది. పక్కవాళ్ళ పిల్లల్ని చూస్తానని ఒప్పుకున్న కొండముచ్చు, వాటిని చెట్టు మీదే వదిలేసి తిరగడం మొదలుపెట్టింది. ఎవరు ఏమడిగినా ఒంటి మీది నీళ్ళు చూపించేవారు. బండ మీద రాసి ఉండనే ఉంది. కాదనేవాళ్ళెవరు?

చచ్చిన సెల్లులు పట్టుకుని కొందరు వాక్పతి చుట్టూ చేరారు. సరుకంతా పోయినా ఆయన ముఖంలో వెలుగు తగ్గలేదు. "తీర్పు గుర్తుంది కదా నాయనలారా!" అంటూ నడిచి వెళ్ళి, కొండ కొమ్మున రాజుగారి పక్కనే కూర్చున్నాడు.

అంత దగ్గరగా ఇంకెవరూ కూర్చోలేదు. జింకలు, దుప్పులు, కుందేళ్ళు దూరంగా, కొండకు అవతలి వాలున నిలబడి ఉన్నాయి. రాజుగారు తమను తినరని వాటికి ఎవరూ మాట ఇవ్వలేదు. అందుకే ఆయన తల ఇటు తిరిగినప్పుడల్లా అవి అటు జరుగుతున్నాయి. వాక్పతి పరిస్థితి వేరు. కొలువులో చేరిన రోజునే రాజుగారు ఆయన తల మీద పంజా పెట్టి, నీకు నావల్ల ప్రాణభయం లేదని అభయమిచ్చారు. ఆ ధీమాతోనే ఆయన ఇన్నేళ్ళూ సింహం పక్కన కూర్చుని కునుకు తీసేవాడు.

వాన వెలిసేట్టు లేదు. రాజుగారు నిన్నటి నుంచి ఏమీ తినలేదు. దూరంగా ఉన్న జింకలను చూశారు. జారే బండల మీద పరిగెత్తి వాటిని పట్టడం అయ్యే పని కాదని ఆయనకూ తెలుసు. మెల్లగా తల ఇటు తిప్పారు.

"వాక్పతీ."

"ప్రభూ."

"నువ్వు బాగా తడిశావు."

"అవును ప్రభూ. తమరు కూడా తడిశారు. చలి పట్టేస్తుంది, జాగ్రత్త."

"నేనూ అదే ఆలోచిస్తున్నాను. ఇద్దరం తడిశాం."

వాక్పతి లేచి నిలబడ్డాడు. వెనక లోయ, ముందు రాజుగారు.

"ప్రభూ, తమరు నాకు అభయమిచ్చారు! కొలువులో, అందరి ముందు!"

"ఇచ్చాను. మరిచిపోలేదు. కానీ ఆ మాట ఇచ్చినప్పుడు నువ్వు పొడిగా ఉన్నావు."

వాక్పతి గొంతు చించుకుని న్యాయమూర్తిని పిలిచాడు. "ఆచార్యులవారూ! ఆ తీర్పు సెల్లుల గురించి అని చెప్పండి!"

భల్లూకాచార్యులు చెట్టు తొర్రలోంచి తల బయటపెట్టాడు. "సెల్లుల గురించే చెప్పానయ్యా నేను. అన్నిటికీ వర్తింపజేయమన్నది నువ్వే కదా?" అని తల లోపలికి లాక్కున్నాడు.

"రంగధామం! నువ్వైనా చెప్పరా!"

రంగధామం పక్క బండ మీదే ఉన్నాడు. కాకపోతే ఇప్పుడు అచ్చం బండలాగే ఉన్నాడు.

కొండ వాలున ఒక బండ కింద కెరటమ్మ ఒక కుందేలు కూనను ఒళ్ళో పెట్టుకుని ఒళ్ళు తుడుస్తోంది. వాక్పతి చివరి అరుపు ఆవిడకు వినిపించింది. తల తిప్పలేదు. ఆ కూన శశాంకయ్య మనవరాలు. దాని చెవులు ఆరేదాకా తుడుస్తూనే ఉంది.

నీతి: ఎవరి పూచీ లేనివాడు దూరంగా నిలబడతాడు, అందుకే బతుకుతాడు.